రాజమండ్రి–వరంగల్: యాభై అయిదు నిమిషాలు

బస్సు ఎన్నింటికి చేరుతుందని అడిగితే "పోయినప్పుడు చేరుతది" అనే డ్రైవర్లంటే నాకు ఒళ్లుమంట. ఎనభై ఎనిమిది నాటికి పదహారేళ్లుగా ములకలపల్లి బస్టాండులో నేనే కంట్రోలర్ని. పేరుకే బస్టాండు. ఒక రేకుల షెడ్డు, ఒక బల్ల, ఒక రిజిస్టరు, గోడకు టైంబోర్డు, దాని కింద నేను. వచ్చిన బస్సు వచ్చిన నిమిషం రాసేవాణ్ణి, పోయిన బస్సు పోయిన నిమిషం రాసేవాణ్ణి. ఎవరైనా తల దూర్చి "సారూ, బస్సొచ్చిందా?" అంటే, కళ్లు లేవా నీకు అని కసిరేవాణ్ణి. నా నోరు అలాంటిదని ఊరందరికీ తెలుసు.

నాకో ఎర్ర అట్ట డైరీ ఉండేది. అందులో అన్నీ దూరాలే. ములకలపల్లి నుంచి దమ్మపేట ఎంత, దమ్మపేట నుంచి అశ్వారావుపేట ఎంత, అక్కణ్ణించి రాజమండ్రి ఎంత, రన్నింగ్ టైం ఎంత, టీ కోసం ఎక్కడ ఎంతసేపు ఆగుతుంది, అన్నీ రాసిపెట్టుకున్నాను. కోర్టుకు పోయేవాళ్లు, దవాఖానాకు పోయేవాళ్లు, పిల్లను చూడబోయేవాళ్లు నన్నడిగే బయల్దేరేవారు. డైరీ తెరవకుండానే చెప్పేవాణ్ణి. "ఆంథోని సారు చెప్పిండంటే చెప్పినట్టే" అనేవారు. ఆ మాట చెవిన పడితే ఒళ్లు పొంగిపోయేది. ఇప్పుడు చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ, అబద్ధమెందుకు?

ఎనభై ఎనిమిదిలో ఒకరోజు పేపర్లో ఒక ముక్క పడింది. చిన్న విమానమొకటి వారానికి మూడు రోజులు రాజమండ్రి నుంచి వరంగల్ మీదుగా హైదరాబాదు పోతుందట. రాజమండ్రి నుంచి వరంగల్‌కు గాలిదారిన రెండు వందల యాభై కిలోమీటర్లు, యాభై అయిదు నిమిషాలు. అదే బస్సులో అయితే పొద్దంతా పడుతుంది, నడుములు పడిపోతాయి. ఆ ముక్క కత్తిరించి డైరీలో అంటించుకున్నాను. అంతటితో ఊరుకున్నానా? బడికి పోయి, గోడకున్న మ్యాపు మీద స్కేలు పెట్టి, ఆ ఊరికీ ఈ ఊరికీ గీత గీశాను. గీత సరిగ్గా మా ఊరి మీదుగా పోయింది. రాజమండ్రి ఎంత దూరమో వరంగల్ అంతే దూరం. ఆకాశంలో సగం దారి ములకలపల్లే.

ఈ సంగతి వారం రోజుల పాటు కనిపించినవాడికల్లా చెప్పాను. బస్టాండు ముందు గంప పెట్టుకుని సీతాఫలాలు, జామకాయలు అమ్మే మంగ్లి మాత్రం నవ్వింది.

"ఆపుతరా సారూ మన ఊర్ల? నా పండ్లు గిట్ల కొంటరా?"

"నీకు చెప్పినా ఒకటే, ఆ గంపకు చెప్పినా ఒకటే" అన్నాను.

ఆ ఏడు ఆగస్టులో, ఒక మంగళవారం మధ్యాహ్నం మూడు గంటలకు మా అన్న సంసోను చనిపోయాడు. వెంకటరామారావు గారి పొలంలో ట్రాక్టరు నడిపేవాడు. ఛాతీ పట్టుకుని బండి దిగాడట, గట్టు మీద కూర్చున్నాడట, నీళ్లడిగాడట. నీళ్లు తెచ్చేలోపు అయిపోయింది. యాభై రెండేళ్లు. కబురు తెలిసి నేను పరుగెత్తేసరికి గట్టు మీద తుండుగుడ్డ పరిచి పడుకోబెట్టారు. నేను ఏడవలేదు. మూడు పది బస్సు రిజిస్టరులో రాయలేదన్న సంగతి గుర్తొచ్చింది. మనిషి బుద్ధి ఎంత పాడుదో చూడండి.

అన్నకు ఒక్కతే కూతురు, జోజమ్మ. రాజమండ్రిలో ఒక మిషన్ ఆస్పత్రిలో నర్సు. ఫోనున్నది వెంకటరామారావు గారి రైసుమిల్లులోనే. ఆయన కోస్తా నుంచి వచ్చి ఇక్కడ పొలాలు కొని స్థిరపడిన మనిషి, నెమ్మదస్తుడు. ట్రంకాల్ బుక్ చేసి పెట్టాడు. అది కలిసేసరికి ఆరున్నరయింది.

"నాయనకెట్లున్నది చిన్నాయనా?" అంది జోజమ్మ. ఆ వేళప్పుడు ఫోను వచ్చిందంటే ఏదో అయిందని అర్థమై ఉంటుంది.

"పోయిండు తల్లీ" అన్నాను. బస్సు వెళ్లిపోయిందని చెప్పినట్టే చెప్పాను. మరోరకంగా చెప్పడం నాకు రాదు.

ఫోను గరగర మధ్య మెల్లగా అంది. "నేనొచ్చేదాంక పెట్టె మూయకున్రి చిన్నాయనా. ఒక్కసారి నాయన ముఖం చూడాలె. తొలి మట్టి నేనే వెయ్యాలె."

మాలో అది ఆనవాయితీ. గుంటలో పెట్టె దించాక మొదటి పిడికెడు మట్టి పెద్ద బిడ్డ వెయ్యాలి. ఉన్నది ఒక్క బిడ్డ అయినప్పుడు ఇక చెప్పేదేముంది?

"చూస్తవు. నేను చూపిస్త. నా మాట" అన్నాను.

"పొద్దుగాల ఆరు గంటల పాల్వంచ బస్సెక్కుత."

ఆ బస్సు మా ఊరి మీదుగానే పోతుంది. పదకొండు పదికల్లా ఇక్కడుంటుంది. కానీ ఆ రోజు ఎగువన వాన దంచికొట్టి దమ్మపేట అవతల వాగు పొంగింది. రోడ్డు మీద నిలువెత్తు నీళ్లు. సాయంత్రం సర్వీసు తీసుకుపోయిన డ్రైవర్ రామ్‌సింగ్ వాగు దాటలేక బస్సును వెనక్కి తెచ్చేశాడు. చావు కబురు విని అతనూ మిల్లుకే వచ్చి, నా పక్కన నిలబడి ఉన్నాడు.

"వాగు పొంగింది, బస్సుకు రాకు" అన్నాను ఫోనులో.

రామ్‌సింగ్ నా భుజం తట్టాడు. "సార్, అది గుట్టల వాగు. వచ్చుడు జల్దీ, పోవుడు జల్దీ. తెల్లారేసరికి వెనక్కి గుంజుతది. బిడ్డను బస్సుకే రమ్మనున్రి."

ఫోను నోటికి చెయ్యి అడ్డం పెట్టి కసిరాను. "వాగుకు టైంబోర్డున్నదా రామ్‌సింగూ? తెల్లారి గుంజకపోతే? అవతలి ఒడ్డున కూసోని ఏడుస్తదా పిల్ల?"

ఆ అడవి అంచున పుట్టి పెరిగిన ఎవరినడిగినా అదే మాట చెప్పేవారు. నాకూ తెలుసు. పదహారేళ్లలో ఆ వాగు ఒక్కనాడు కూడా రాత్రి దాటి రోడ్డును పట్టుకుని ఉండలేదు. కానీ అది ఎక్కడా అచ్చు కాలేదు. యాభై అయిదు నిమిషాలన్నది అచ్చులో ఉంది.

"రేపు బుధారం. పొద్దున ఎనిమిది గంటలకు మీ ఊర్లకెల్లి వరంగల్‌కు విమానమున్నది" అన్నాను. "యాభై అయిదు నిమిషాలు. ఎనిమిది యాభై అయిదుకు దిగుతవు. తొమ్మిదిన్నరకు కొత్తగూడెం బస్సున్నది, ఒకటిన్నరకు కొత్తగూడెం. అక్కడ మారి ఎక్కితే మూడు గంటలకు ఇంటి ముంగట దిగుతవు. నాలుగు గంటలకు మట్టి. వాగుతోని పని లేదు."

"విమానమా?" అంది. "నాకు తెల్వదు చిన్నాయనా, నేనెప్పుడూ..."

"తెలిసేదేమున్నది? ఎక్కి కూసునుడే. నేను చెప్తున్న గదా."

టికెట్టు సంగతి పక్కనే ఉన్న ఆస్పత్రి డాక్టరమ్మ చూసుకుంటానన్నదట. ఫోను పెట్టేశాను.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఇన్నేళ్లూ ఎవరికీ చెప్పలేదు. వాగు ఒక్కటే కారణం కాదు. సంసోను బిడ్డ తండ్రి ముఖం చూడ్డానికి విమానంలో వచ్చిందని ఊరు చెప్పుకోవాలని నాకు ఆశ పుట్టింది. ట్రాక్టరు డ్రైవరు చావుకు విమానం! ఆ విమానం టైమింగు చెప్పింది ఆంథోని సారు! అన్న శవం ఇంట్లో ఉండగా నా బుర్రలో ఈ కూత కూసింది. అందుకే ఒకటికి రెండుసార్లు నొక్కి చెప్పాను.

వెంకటరామారావు గారు జీపు పంపి కొత్తగూడెం నుంచి మంచుదిమ్మలు తెప్పించారు. ఊక పోసి, పెట్టె కింద సర్దాం. చావిడిలో పెట్టె, చుట్టూ ఆడవాళ్లు, తలవైపున మా వదిన ఆరోగ్యమ్మ. ఆమె గొంతెత్తి ఏడవలేదు. వచ్చినవాళ్లందరితో ఒకటే మాట. "రేపు బిడ్డ వస్తది. విమానంల వస్తది. ఆంథోని చెప్పిండు."

తెల్లవారింది. ముసురు. ఎనిమిదింటికి ముందే వాకిట్లో నిలబడ్డాను. ఎనిమిదింటికి లేస్తే ఎనిమిది ఇరవై ఎనిమిదికి సగం దారి, అంటే మా ఇంటి మీద. వాచీ చూస్తూ నిలబడ్డాను. ఎనిమిది ఇరవై ఎనిమిది అయింది. నలభై కూడా అయింది. చూరు నీళ్ల చప్పుడు తప్ప ఇంకేమీ వినిపించలేదు. మబ్బుల పైన పోయి ఉంటుందిలే, మనకు వినబడదులే అని నాకు నేనే చెప్పుకుని లోపలికి వచ్చాను.

తొమ్మిదింటికి రామ్‌సింగ్ తడిసిన బట్టలతో వచ్చాడు. తొలి ట్రిప్పుకు దమ్మపేట పోయి వచ్చాడట. చెప్పనా వద్దా అన్నట్టు నిలబడ్డాడు.

"ఏంది?" అన్నాను.

"వాగు గుంజింది సార్. బండ్లు పోతున్నయ్."

"మంచిది" అన్నాను. ఒక్కసారి రాజమండ్రికి ఫోను చేద్దామని మిల్లుకు పోతే, రాత్రి గాలికి లైను తెగింది. వెంకటరామారావు గారు ఫోను చేతికిచ్చి, "చూడండి, ప్రాణం లేదు" అన్నారు. చెవి దగ్గర పెట్టుకుంటే నిజంగానే చడీచప్పుడు లేదు.

పదకొండు గంటలకు ఇంట్లో ఉండలేక బస్టాండుకు పోయాను. పదకొండు పన్నెండుకు పాల్వంచ బస్సు వచ్చింది. రెండే నిమిషాలు లేటు. జనం దిగారు. కిటికీ పక్కన రెండు సీట్లు ఖాళీ. కండక్టర్ వెంకటప్పయ్య నన్ను చూసి దిగివచ్చాడు. జోజమ్మ సెలవుకు వచ్చినప్పుడల్లా ఆ బస్సుకే వస్తుంది కాబట్టి అతనికి ఆ పిల్ల తెలుసు.

"సార్, అన్న సంగతి ఇప్పుడే విన్న. పొద్దుగాల రాజమండ్రి బస్టాండు ముంగట మీ బిడ్డ ఆటోల పోతుంటే చూసిన. అమ్మా, బస్సు రెడీగున్నది, రావా అని పిలిచిన. లేదన్నా, చిన్నాయన విమానానికి రమ్మన్నడు అన్నది."

"అవ్, నేనే రమ్మన్న" అన్నాను.

"గట్లనా? ఎక్కితే గీపాటికి మీ పక్కన నిలబడేది" అన్నాడు. అతను ఊరికే అన్నాడు, కానీ అది నాకు తగలాల్సిన చోటే తగిలింది. బస్సు పోయింది. నా బదులు డ్యూటీ చేస్తున్న కుర్రాడు రిజిస్టరులో టైము రాసుకున్నాడు.

ఇంటికి వచ్చేసరికి పెట్టె కింద మంచు అంతా నీళ్లయి, వాకిట్లోకి పారుతోంది. ఇంకో దిమ్మ దొరకలేదు. కరెంటు లేక కొత్తగూడెంలో ఫ్యాక్టరీ ఆగిపోయిందట. ముసురు, ఉక్క, ఈగలు. అన్న ముఖం రంగు మారుతోంది. వదిన అది గమనించి ముఖం మీద తెల్లగుడ్డ కప్పింది. పెట్టెను గాలికని వాకిట్లో పందిరి కిందికి తెచ్చాం. వచ్చినవాళ్లు పందిరి చుట్టూ నిలబడ్డారు. మంగ్లి కూడా గంప ఇంటి దగ్గర పెట్టి, కొంగులో నాలుగు బంతిపూలు వేసుకుని వచ్చి వదిన పక్కన కూర్చుంది.

ఇప్పటికి పిల్ల ఎల్లందు దగ్గర బస్సులో ఉండి ఉంటుంది అని లెక్క వేసుకుంటున్నాను. అంతలో చప్పుడు వినిపించింది.

తూర్పు నుంచి వస్తోంది, సన్నగా, ఒకటే గురగుర. అందరూ తలలెత్తారు. మబ్బుల మధ్య అరచెయ్యంత నీలం కనిపించింది, అందులో తెల్లగా, చిన్నగా ఒకటి మెరిసి మళ్లీ మబ్బులో దూరింది. వాచీ చూశాను. పన్నెండు ఇరవై అయిదు.

"ఆంథోనీ, మన బిడ్డేనా?" అంది వదిన.

నేను లెక్కలో పడ్డాను. సగం దారి ఇరవై ఎనిమిది నిమిషాలు. అంటే పన్నెండుకు కాస్త ముందు లేచింది. వాన వల్ల నాలుగు గంటలు లేటు. అందుకే పొద్దున చప్పుడు లేదు. అన్నీ చక్కగా అతికాయి.

"మన బిడ్డే" అన్నాను.

"సారూ, అది..." అంటూ మంగ్లి ఏదో చెప్పబోయింది. లెక్క తప్పుతుందని చెయ్యెత్తి ఆపాను. "ఆగు నువ్వు!" అన్నాను. ఆగింది.

అంతలో వదిన లేచింది. పందిరి మీది కొబ్బరాకును రెండు చేతులతో పక్కకు లాగింది. అన్న ముఖం మీది తెల్లగుడ్డ తీసేసింది. వాన తుంపర ఆ ముఖం మీద పడింది. ఆకాశం వైపు చూస్తూ, "చూసుకో తల్లీ" అంది. "మీ నాయన ఈడున్నడు. మంచిగ చూసుకో."

చప్పుడు పడమటికి పోయి ఆగిపోయేదాకా ఆమె గుడ్డ పట్టుకుని అట్లాగే నిలబడింది. ఆ తర్వాత కొంగుతో అన్న ముఖం తుడిచి, మళ్లీ గుడ్డ కప్పింది. నాకు లోపల ఏమీ కదలలేదు. మొద్దుబారిపోయాను. లెక్క మాత్రం నడుస్తూనే ఉంది.

"ఎన్నింటికొస్తది?" అని అడిగింది. "సక్కగ చెప్పు. నువ్వు చెప్తే నేను వింట."

"పన్నెండు యాభై అయిదుకల్లా వరంగల్‌ల దిగుతది. ఒకటిన్నర బస్సు. కొత్తగూడెం అయిదున్నర. ఈడికొచ్చేసరికి ఏడుంబావు."

"జీపు పంపుతానండీ కొత్తగూడెం దాకా" అన్నారు వెంకటరామారావు గారు. "ఎంత కలిసొస్తుంది?"

"గంట. ఆరుంబావుకు ముందు ఏం చేసినా రాదు."

ఫాదర్ పాల్వంచ నుంచి వచ్చి కూర్చున్నారు. చీకటి పడేలోపు ఆయన వాగులు దాటి తిరిగి పోవాలి. అయినా ఆయన తొందరపెట్టలేదు. వదినే పెట్టె వైపు కాసేపు చూసి అంది. "ఆరు గంటలకు ఈ ముఖం ఇట్ల ఉండదు. దాన్ని చూసి నా బిడ్డ జన్మంతా అదే తలుసుకుంటది. వద్దు. పై నుంచి చూసింది, చాలు. మూయున్రి."

వదిన ఆ మాటన్నది నా టైము నమ్మి. రెండు గంటల్లో వస్తుందని నేనంటే ఆమె పెట్టె మూయనిచ్చేది కాదు.

మూడున్నరకు మట్టి చేశాం. మా శ్మశానం ఊరికి తూర్పున, దమ్మపేట రోడ్డు పక్కనే. ఫాదర్ ప్రార్థన చదివారు. పెట్టె దించారు. అందరూ నా వైపు చూశారు. బిడ్డ లేదు కాబట్టి తమ్ముణ్ణి, నేనే వెయ్యాలి. వంగి ఎర్రమట్టి పిడికిట్లోకి తీసుకున్నాను. వానకు ముద్దయిపోయి వేళ్లకంటుకుంది. చెయ్యి దులిపితే గానీ పడలేదు. పెట్టె మూత మీద దబ్బున చప్పుడైంది. ఆ తర్వాత అందరూ వేశారు. గుంట నిండేసరికి నాలుగుంబావు దాటింది. ఫాదర్ వెళ్లిపోయారు. మగవాళ్లు పారలు భుజాన వేసుకున్నారు.

రోడ్డెక్కేసరికి దమ్మపేట వైపు నుంచి పాల్వంచ బస్సొకటి వచ్చింది. అలవాటు చొప్పున వాచీ చూశాను. నాలుగు ముప్పై అయిదు. మమ్మల్ని చూసి డ్రైవరు బ్రేకు వేశాడు. తలుపు తెరుచుకుంది. జోజమ్మ దిగింది.

ఆస్పత్రి తెల్లచీరలోనే ఉంది. చేతిలో చిన్న సంచి. మా అందరి ముఖాలు చూసింది, పారలు చూడలేదు. నా దగ్గరికి పరుగులాంటి నడకతో వచ్చింది.

"టైముకే వచ్చిన గదా చిన్నాయనా? నాలుగు గంటలకన్నవు, కొంచెం లేటైంది. ఆపిన్రు గదా?"

నా చేతి వేళ్ల సందుల్లో మట్టి ఇంకా ఉంది. ఆమె దాన్ని చూసింది. అప్పుడు పారలు చూసింది. ఆ తర్వాత రోడ్డు పక్కన కొత్త మట్టికుప్ప చూసింది.

ఏడుస్తుందనుకున్నాను, నన్ను కొడుతుందనుకున్నాను. కొడితే బాగుండేది. ఆమె సంచి కింద పెట్టి, చెప్పులు విప్పి కుప్ప దగ్గరికి పోయింది. ఒక పిడికెడు మట్టి తీసి కుప్ప మీద వేసింది. అది ఎక్కడ పడిందో కూడా తెలియలేదు. మట్టిలో మట్టి.

"విమానం దిగి ఇంత జల్దీ ఎట్లొచ్చినవు బిడ్డా?" అంది వదిన. "ఇటు దిక్కు నుంచి ఎట్లొచ్చినవు?"

"విమానమే లేదమ్మా" అంది జోజమ్మ. గొంతులో ఏ భావమూ లేదు. "పొద్దుగాల ఆరున్నర నుంచి ఆడ కూసున్న. ఎనిమిదన్నరు, తొమ్మిదన్నరు. పదిన్నరకు ఇయ్యాల పోదని చెప్పిన్రు. బస్టాండుకు ఉరికొచ్చి దొరికిన బస్సెక్కిన. ఫోను మూడుసార్లు చేసిన, కలువలే. నాలుగు గంటలకు మట్టి అన్నడు గదా, కొంచెం లేటైనా ఆపుతరని అనుకున్న."

వదిన కాసేపు కూతుర్నే చూసింది. ఆ తర్వాత పైకి చూసింది. ఆకాశంలో ఇప్పుడు ముసురు తప్ప ఏమీ లేదు.

"మరి నేను మీ నాయన ముఖం ఎవరికి చూపెట్టిన?" అంది.

వెనక నుంచి మంగ్లి మెల్లగా, ఎవరికీ కోపం రాకూడదన్నట్టు అంది.

"అది రోజూ పోతది గదమ్మా గీ యాళకు. పెద్ద విమానం. యాడికి పోతదో నాకు తెల్వదు. పదేండ్ల సంది పోతనే ఉన్నది. అది పోంగనే నేను సద్దిమూట ఇప్పుత. సారుకు చెప్పబోయిన, ఆగుమన్నడు."

నా బల్లకు పది అడుగుల దూరంలో కూర్చుంటుంది మంగ్లి. పదహారేళ్లలో ఆ షెడ్డు ముందుకు ఏది వచ్చినా, ఏది పోయినా నిమిషంతో సహా రాశాను. నెత్తి మీద రోజూ ఒకే టైముకు పోయేదాన్ని ఒక్కనాడూ తలెత్తి చూడలేదు. ఆ రిజిస్టరులో దానికి గడి లేదు మరి.

ఆ రాత్రి గానీ, ఆ మర్నాడు గానీ జోజమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. వదిన కూడా అనలేదు. అన్నం తినమని పిలిచారు, తిన్నాను. ఉప్పుందో లేదో తెలియలేదు. రామ్‌సింగ్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వాగు సంగతి ఎత్తలేదు. ఎత్తితే తిట్టుకోవడానికైనా బాగుండేదనిపించింది.

మూడోనాటి ప్రార్థన అయ్యాక, శనివారం, జోజమ్మ తిరుగు ప్రయాణమైంది. రాజమండ్రి బస్సు పన్నెండు నలభైకి. నేను అప్పటికే డ్యూటీలో చేరాను. సంచి ఒళ్లో పెట్టుకుని నా బల్ల ఎదురుగా బెంచీ మీద కూర్చుంది. ముసురు విడిచి ఎండ కాస్తోంది.

తూర్పు నుంచి సన్నగా గురగుర మొదలైంది. మంగ్లి తలెత్తకుండానే సద్దిమూట విప్పుకుంది. జోజమ్మ తల పైకెత్తి, అది ఇటు నుంచి అటు పోయేదాకా చూసింది. నేను వాచీ చూశాను. పన్నెండు ఇరవై అయిదు. ఒక్క నిమిషం తేడా లేదు.

బస్సు వచ్చింది. సంచి అందించాను. కిటికీలోంచి జోజమ్మ, చిన్నప్పుడు సెలవులు అయిపోయి పోయేటప్పుడల్లా అడిగినట్టే అడిగింది.

"ఎన్నింటికి చేరుతది చిన్నాయనా?"

అయిదు గంటల పది నిమిషాలు. అయిదు యాభైకి రాజమండ్రి. నిద్రలో లేపి అడిగినా చెప్తాను. నోటిదాకా వచ్చింది. ఆమె నా ముఖంలోకి చూస్తోంది, నేను చెప్తే నమ్మడానికి సిద్ధంగా ఉంది. అది చూసి నాకు భయమేసింది.

"పోయినప్పుడు చేరుతది తల్లీ" అన్నాను.